డర్బనులో ఒక ఇంటివారగుట

మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో ఇంటిస్థలము కొనువాడు దస్తావేజులో మొదట చూచుకొనునవి నాలుగు హద్దులు. తూర్పున ఫలానావారి గోడ, దక్షిణమున బజారు, పడమట పెరడు, ఉత్తరమున దారి. చదువురాని రైతు సయితము ఈ నాలుగు మాటలు రెండుమారులు చదివించుకొని గాని వేలిముద్ర వేయడు. కాళ్లక్రింది మన్ను తనదైననే ఇల్లు తనదని అతని నమ్మిక.

ఆ నమ్మికకు పరీక్షపెట్టునది నాలుగవ అంతస్తులోని ఇల్లు. అట్టి ఇంటిని దక్షిణాఫ్రికాలోని డర్బను మహానగరమున ఒక తెలుగు కుటుంబము కొనునప్పుడు, ఆ కాగితము వెనుక నూరేండ్లకు మించిన కథ నిలిచియుండును.

1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో అను ఓడ 342 మంది కూలీలతో ఆ రేవు చేరెను. 1911 వరకు ఆ విధముగా నేటాలునకు తరలినవారు 1,52,184 మంది. వారిలో విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాటు మున్నగు జిల్లాల తెలుగువారు ఎందరో కలరు. ఐదేండ్ల ఒప్పందము, చెరకుతోటలో చాకిరి, తోట యజమాని కట్టించిన వరుస కొట్టములలో కాపురము. పదేండ్లు గడపినవానికి తిరుగు ప్రయాణపు ఖర్చునకు బదులు కొంత భూమి ఇయ్యవచ్చునను నిబంధన యుండెను. అది దక్కినవారు కొద్దిమందియే. 1891లో దానినిగూడ తీసివేసిరి.

అయినను కూరగాయలు పండించి, పైసపైస కూడబెట్టి, భారతీయులు డర్బనులో స్థలములు కొనిరి. అదియే కంటగింపయ్యెను. వారి కొనుగోళ్లను 1943లో ఒక చట్టము, 1946లో మరియొక చట్టము అరికట్టెను. అప్పుడు సాగిన సత్యాగ్రహములో, గేల్ వీధి కూడలిలోని ఖాళీస్థలమున డేరాలు వేసికొని కూర్చుండుటయే నేరమయ్యెను. సుమారు 2,000 మంది చెరసాలలకు వెడలిరి. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము ఏ జాతివాడు ఏ పేటలో ఉండవలెనో శాసించెను. కేటో మేనరులో సొంత ఇండ్లున్న కుటుంబములు వానిని విడిచి, పలువురు చాట్స్‌వర్తునకు పోవలసివచ్చెను. ఆ శాసనము 1991 జూన్ 30న రద్దయినది. నేడు అరువది దాటినవారు తమ యౌవనారంభమున నగరములో తెల్లవారికి ప్రత్యేకించిన పేటలయందు ఇల్లు కొనదలచియుండినచో, ధనమున్నను దస్తావేజు దొరకియుండెడిది కాదు.

ఇప్పుడు దొరకుచున్నది. మరి దొరకుచున్నదేమి? అపార్టుమెంటులకు వర్తించు సెక్షనల్ టైటిల్ చట్టము (మొదటిది 1971 నాటిది, నేడు అమలులోనున్నది 1986 నాటిది) హద్దును విచిత్రముగా చెప్పును. గోడ మందములో నడిమిగీత ఒక హద్దు. నేలకు, కప్పునకు సైతము అంతే. అనగా హద్దులు నాలుగు కావు, ఆరు! క్రింది మన్నులో మాత్రము అందరితోపాటు అవిభక్తమైన వాటా. మన విజయవాడ అపార్టుమెంటులలోను అంతియే కదా. అన్ని ఇండ్ల వైశాల్యము 2,000 చదరపు మీటర్లై, కొనిన ఇల్లు 100 మీటర్లైనచో వాటా నూటికి 5. సామాన్యముగా నెలనెల చెల్లించు లెవీయు ఆ లెక్కనే.

ఇక్కడనే జాగ్రత్త కావలెను. యజమానుల సంఘము అప్పులలో మునిగినచో ఆ భారము తుదకు సభ్యులపై పడును. అందుచే తెలివిగలవారు గదుల రంగులు చూచుటకు ముందు సంఘపు జమాఖర్చులు, సమావేశపు తీర్మానములు చదువుదురు. ఆ సముద్రతీరమున కలపను తొలుచు పురుగులేదని ధ్రువపత్రము కోరుట కూడ ఒక ఆచారము. మన పల్లెలో చెదకు ఇంత గౌరవము లేదు! తరువాత నగరసభకు, సంఘమునకు బాకీలు లేవను పత్రములు చేకూర్చి, అందుకు ప్రత్యేకముగా అర్హత పొందిన న్యాయవాది పీటర్‌మారిట్జ్‌బర్గులోని కార్యాలయమున దస్తావేజు నమోదు చేయించును. సొమ్ము చెల్లించిన నాడు కాదు, సంతకము చేసిన నాడు కాదు, నమోదైన నాడే ఇల్లు తనదగును.

గృహప్రవేశమునాడు ఇల్లాలు తలుపునకు మావిడాకుల తోరణము కట్టబోవును. చట్టము ప్రకారము నడిమిగీతకు ఇవతలి తలుపు ఆమెది, అవతలిది అందరిది. ముగ్గు వేయు వసారాయు అందరిదే. దానికి సంఘపు నిర్వాహకులను అడుగవలెను.