కవులు నివసించిన ఇళ్లు – స్మారక ఫలకాలు

కవి గతించినా కావ్యం నిలిచి ఉంటుందని పెద్దలు చెబుతారు. అది సత్యమే. కాని ఆ కావ్యం రూపుదిద్దుకున్న ఇల్లు, కవి నడిచిన వీధి, మిత్రులతో కూర్చున్న అరుగు మాత్రం ఎవరైనా గుర్తుంచుకొని కాపాడితే తప్ప నిలవవు. ఆ గుర్తును గోడపై నిలిపే సాధనమే స్మారక ఫలకం.

ఈ పద్ధతిని క్రమబద్ధంగా ఆచరణలో పెట్టిన నగరాలలో లండన్ ముఖ్యమైనది. 1863లో విలియం ఎవార్ట్ అనే పార్లమెంటు సభ్యుడు ఈ ఆలోచనను కామన్స్ సభలో ప్రతిపాదించాడు. 1866లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఆ బాధ్యతను స్వీకరించి, 1867లో బైరన్ కవి జన్మస్థలమైన హోల్స్ వీధిలోని ఇంటికి ఫలకం అమర్చింది. తరువాత ఆ కార్యం 1901లో లండన్ కౌంటీ కౌన్సిల్‌కు, 1965లో గ్రేటర్ లండన్ కౌన్సిల్‌కు, 1986లో ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థకు సంక్రమించింది. నేడు ఆ నగరంలో ఇటువంటి ఫలకాలు వెయ్యికి పైగా ఉన్నాయి. వాటిలో అధికభాగం నీలిరంగు వృత్తాలు. 1912లో రవీంద్రనాథ ఠాగూరు బస చేసిన హ్యాంప్‌స్టెడ్‌లోని ఇంటికి కూడా ఒక ఫలకం ఉంది.

ఫలకం అమర్చడానికి కొన్ని నియమాలున్నాయి. ఆ వ్యక్తి మరణించి కనీసం 20 సంవత్సరాలు గడవాలి. తాత్కాలికమైన కీర్తి ఏదో, శాశ్వతమైనది ఏదో కాలమే తేల్చాలన్నది దీని అంతరార్థం. భవనం ఆనాటి రూపంలో నిలిచి ఉండాలి. ఇంటి యజమాని అంగీకరించాలి. అన్నింటికీ మించి, ఆ వ్యక్తి అక్కడ నివసించినట్లు లేఖలు, నాటి చిరునామా పుస్తకాలు మొదలైన వాటివల్ల రుజువు కావాలి. జనశ్రుతి ఒక్కటే చాలదు.

అయితే ఫలకానికి ఇంటిని కాపాడే శక్తి లేదు. బైరన్ ఇంటిని 1889లో కూల్చివేశారు. తొలి ఫలకమూ దానితోపాటే పోయింది. ఫలకం గుర్తుచేయగలదు, రక్షించవలసింది మనుషులే.

మన దేశానికి వస్తే, ఢిల్లీలోని బల్లీమారాన్ ప్రాంతంలో, గలీ కాసిమ్ జాన్‌లో మీర్జా గాలిబ్ తుది సంవత్సరాలు గడిపిన హవేలీ ఉంది. గాలిబ్ ఏనాడూ సొంత ఇల్లు కొనలేదని ఆయన శిష్యుడు హాలీ రాశాడు. ఇంటి దస్తావేజులలో మాత్రమే వెదికితే ఆ మహాకవి పేరు మనకు దొరకదన్నమాట! 1869లో ఆయన మరణించిన తరువాత ఆ హవేలీ చేతులు మారి వ్యాపారస్థలమైంది. చివరకు 1999–2000 ప్రాంతంలో ఢిల్లీ ప్రభుత్వం అందులో కొంత భాగాన్ని స్వాధీనం చేసుకొని స్మారకంగా తీర్చిదిద్దింది. ఆ మెలకువ రావడానికి దాదాపు 130 సంవత్సరాలు పట్టింది.

హైదరాబాదులో సరోజినీ నాయుడు నివసించిన ఇల్లు ఇంతకంటే అదృష్టానికి నోచుకుంది. 1905లో వెలువడిన ఆమె తొలి కవితాసంపుటి పేరే ‘గోల్డెన్ థ్రెషోల్డ్’గా ఆ ఇంటికి స్థిరపడింది. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయం తన తొలి రోజులను అక్కడే గడిపింది. విజయనగరంలో గురజాడ అప్పారావు ఇల్లు, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జన్మగృహం కూడా స్మారకాలుగా నిలిచాయి.

కాని మహాకవులకే ఇళ్లుంటాయా? మన పట్టణంలో ముషాయిరాలు జరిగిన హవేలీలు లేవా? తెలుగు పద్యం చెప్పిన పంతులుగారి అరుగు, ఉర్దూ గజల్ వినిపించిన మౌల్వీసాహెబు వరండా లేవా? వాటిని ఎరిగిన వృద్ధులు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. వారితోపాటు ఆ చిరునామాలూ పోతున్నాయి.

విద్యార్థులారా! ఫలకం చెక్కించడానికి ధనం కావాలి. సమాచారం సేకరించడానికి ఒక నోటుపుస్తకం చాలు. ఈ సెలవులలో మీ వీధి పెద్దల వద్దకు వెళ్లి అడగండి. చెప్పినవారి పేరు, తేదీ రాసుకోండి. పాత ఉత్తరాలతో సరిచూడండి. కళాశాల పాలకవర్గం వారు గ్రంథాలయంలో ఈ వివరాలకు ఒక రిజిస్టరు ఏర్పాటు చేయవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. రుజువైన ఒక్క ఇంటికైనా తెలుగు, ఉర్దూ లిపులలో ఒక పలక అమర్చగలిగితే, ఆ దారిన పోయే బాలుడు ఒక్క క్షణం ఆగి చదువుతాడు. సాహిత్యం తన వీధిలోనూ పుట్టిందని అతనికి తెలుస్తుంది.