వార్తల్లో పదం: లెగసీ ప్లాట్‌ఫామ్

తయారుచేసిన సంస్థే వదిలేసిన, వాడేవాళ్లు దాదాపుగా మిగలని ఆపరేటింగ్ సిస్టంను లెగసీ ప్లాట్‌ఫామ్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో దానికి మద్దతు ఆపేసినా, సహాయ పత్రాల్లో దాని ప్రస్తావనలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

విమ్ టెక్స్ట్ ఎడిటర్‌నే చూడండి. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ దీన్ని అమిగా కంప్యూటర్ కోసం రాసి 1991లో విడుదల చేశారు. తర్వాత అది ఎంఎస్-డాస్, ఓఎస్/2, బీఓఎస్‌లకూ వెళ్లింది. ఒక్కోదానికీ సహాయ పత్రాల్లో ఒక అధ్యాయం చేరింది. 7.4.1399 ప్యాచ్‌తో ఎంఎస్-డాస్ మద్దతు తీసేశారు. ఆ అధ్యాయంలో ఇప్పుడు ఆ సంగతి చెప్పే నాలుగు ముక్కలే మిగిలాయి. ఇదే సరైన పద్ధతి. పరీక్షించి చూసే యంత్రమే చేతిలో లేనప్పుడు పాత సూచనలు పనిచేస్తాయో లేదో ఎవరు చెప్పగలరు? కొత్తగా నేర్చుకునేవారికి అవి అడ్డం, అనువదించేవారికి వృథా శ్రమ.

అలాగని 'డాస్' కనబడ్డ చోటల్లా కొట్టేయకూడదు. విమ్‌లో ఫైల్‌ఫార్మాట్ అనే సెట్టింగ్‌కు 'డాస్' ఒక విలువ. ప్రతి వరుస చివరా క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అనే రెండు గుర్తులు పెట్టే పద్ధతి అది. విండోస్ ఫైళ్లలో నేటికీ నడుస్తోంది కాబట్టి ఆ వివరణ ఉండి తీరాలి.