గుండు ఎందుకు, బద్ద చాలు

పలాస–కాశీబుగ్గ బజార్లో జీడిపప్పు అడిగితే కొట్టువాడు ముందు అంకె అడుగుతాడు. నూట ఎనభయ్యా, రెండొందల నలభయ్యా, మూడొందల ఇరవయ్యా అని. పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని పప్పులు తూగుతాయన్నదే ఆ లెక్క. అంకె తగ్గేకొద్దీ పప్పు లావు, ధర ప్రియం. పగలనిది గుండు, రెండుగా విడిపోయింది బద్ద, అంతకంటే చితికితే ముక్క. అమెరికా వెళ్లే పిల్లల పెట్టెల్లో అమ్మలు సర్దేది ఎప్పుడూ గుండే. బద్ద పంపితే వియ్యాలవారు ఏమనుకుంటారో అని బెంగ. నన్నడిగితే పండగ వంటకి గుండు దండగ. రుచిలో గానీ బలంలో గానీ బద్ద వీసమెత్తు తీసిపోదు. గుండుకి ఎక్కువ పెట్టే ఆ డబ్బంతా పప్పు పగలకుండా తీసినందుకే.

తీసిన చేతికి అందులో ఎంత ముడుతుందన్నది వేరే సంగతి. జీడిపిక్క పెంకులో ఉండే జిగురు నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే పిక్కల్ని ముందు కాలుస్తారు, లేదా ఆవిరి పడతారు. కాల్చిన పప్పుకి లేశంగా పొగ వాసన ఉంటుంది. ఆ వాసన లేకపోతే పలాస పప్పే కాదనే ముసలివాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. తరవాత కత్తి మిషను ముందు కూర్చుని, ఒక్కో పిక్కనీ బ్లేడ్ల మధ్య ఆనించి పెంకు విడగొట్టాలి. చేతులకి బూడిదో ఆముదమో రాసుకున్నా వేళ్ల చివర్లు నల్లబడక మానవు. వేడిగదిలో ఆరిన పప్పు మీది ఎర్రపొట్టు వలిచే పనీ, రకాలు ఏరే పనీ చాలావరకు ఆడవాళ్లవే. పొట్టు వలవడానికి ఇప్పుడు యంత్రాలొచ్చాయి. కానీ పప్పు మడతలో ఇరుక్కున్న పొట్టు దగ్గర యంత్రం చేతులెత్తేస్తుంది. చిన్న కత్తి మొనతో గీకాల్సిందే. ఆ గీకడంలో కాస్త ఒత్తిడి పెరిగితే గుండు బద్దవుతుంది, ధర పడిపోతుంది.

చెట్లేమో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపున్న ఉద్దానం తోటలవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకి దగ్గరలోనే తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లతోపాటు జీడిమామిడి కూడా వేళ్లతో సహా పడిపోయింది. మొక్క నాటితే మూడు నాలుగేళ్లకి గానీ కాపు కనబడదు. నిండు కాపుకి ఇంకా ఆగాలి. ఈ లోపల మిల్లులు నడవాలంటే పిక్క కావాలి, అది పశ్చిమ ఆఫ్రికా నుంచి ఓడల్లో వస్తుంది. తిత్లీకి ముందూ వచ్చేది. కాబట్టి మీ పొట్లం మీద పలాస అని ఉన్నా, లోపలి పప్పు ఐవరీ కోస్ట్‌లో కాసిందైనా కావచ్చు. 80 కిలోల పిక్కల బస్తాకి గిట్టుబాటు ధర ఇవ్వండని మన రైతు రోడ్డెక్కడానికి ఈ దిగుమతి కూడా ఒక కారణం.

ఇంత కథ ఉన్న పప్పుకి మన ఇళ్లలో దక్కిన చోటు మాత్రం పరమాన్నం మీద నేతిలో వేయించిన నాలుగు పలుకులు. పెళ్లిలోనో సంతర్పణలోనో అవి ఎవరి విస్తట్లో పడతాయన్నది వడ్డించేవాడి దయ. పల్లెటూరి వాళ్లకి రోజువారీ బలమిచ్చినవి వేరుశెనగ గుళ్లూ నువ్వులే. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసి వచ్చేవాళ్ల చేతిలో జీళ్లూ ఖర్జూరం పొట్లం లేకపోతే పండగకి వెళ్లినట్టే కాదు; ఆ జీళ్లలోనూ నువ్వులే. సంక్రాంతి అరిసె మీద అద్దిన నువ్వులు కూడా అలంకారం కోసం వచ్చినవి కావు.

అమెరికాలో మీ తెలుగు సంఘాల పండగల్లో భోజనాలకి ముందు పెట్టే పళ్లేలు చూశాను. సమోసా, మిర్చిబజ్జీ, పక్కనే పాకం కారే మిఠాయి. పిండీ నూనే పంచదారా తప్ప పళ్లు పట్టేది ఏదీ ఉండదు. జీడిపప్పు కనబడితే తీపి మీదే కనబడుతుంది. నా గోలల్లా దాన్ని తీపి మీంచి దించి కారంలోకి తెమ్మనే.

పలాస వైపు జీడిపప్పు పకోడీ చూడండి. బద్దల్ని పావుగంట గోరువెచ్చని నీళ్లలో నానేసి వార్చాలి. శెనగపిండి పప్పుకి అంటుకునేంతే చాలు. గుప్పెడు బియ్యప్పిండి, దంచిన అల్లం పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు. నీళ్లు పొయ్యకూడదు, చిలకరించాలి. నూనె మరీ కాగితే పప్పు మాడి చేదెక్కుతుంది, కాబట్టి మంట మధ్యస్థంగా ఉంచాలి. నూనే వద్దనుకుంటే బద్దల్ని మందపాటి మూకుడులో సన్నసెగ మీద వేయించి, చివర్లో చెంచాడు నేతిలో మిరియాలపొడి, ఉప్పు పట్టించండి. చెక్కలు చేసేవాళ్లు బియ్యప్పిండిలో సగం తీసేసి చోడిపిండి, అంటే రాగిపిండి, కలిపి, కచ్చాపచ్చాగా దంచిన వేరుశెనగ గుళ్లూ పొట్టు తీయని నువ్వులూ వెయ్యొచ్చు. రంగు నల్లబడుతుంది. పిల్లలు ముక్కు విరిచినా రెండోది తీసుకుంటారు.

వంద గ్రాముల వేరుశెనగలో మాంసకృత్తులు 25 గ్రాముల దాకా, జీడిపప్పులో 18 గ్రాములు. జీడిపప్పులో కొవ్వు దాదాపు 44 గ్రాములు, ఎక్కువ భాగం మంచి రకమే. కానీ మంచిదైనా కొవ్వు కొవ్వే. మనిషికి పదిహేను పదహారు పప్పులు, అంటే 28 గ్రాములు, 160 కేలరీల లోపు. పళ్లెం నిండా పోసి బల్ల మీద పెడితే మాటల్లో పడి ఎన్ని తిన్నామో తెలియదు. చిన్న గిన్నెల్లో పెట్టండి.

మీ దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్లో ఉద్దానం వాళ్లుంటే ఒక మాట. 1990ల నుంచీ ఆ ఊళ్లని మూత్రపిండాల జబ్బు పట్టి పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఆ జబ్బున్నవాళ్లలో చాలామందికి పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గించమని వైద్యులు చెబుతారు, ఈ గింజల్లో ఆ రెండూ దండిగా ఉంటాయి. జీడితోటల మధ్య పుట్టిన మనిషికే జీడిపప్పు లెక్కపెట్టి పెట్టాల్సి వస్తోంది. మొహమాటపడి ‘ఒక్కటే కదా, తినండి’ అని బలవంతం చెయ్యకండి.

అలాగే ఈ గింజలు పడనివాళ్ల సంగతి. అమెరికా చట్టం ముఖ్యమైన అలర్జీ పదార్థాలుగా చెప్పినవాటిలో వేరుశెనగా, జీడిపప్పు లాంటివీ ముందునుంచీ ఉన్నాయి. 2023 జనవరి 1 నుంచి తొమ్మిదోదిగా నువ్వులు చేరాయి. ఆ నిబంధన ప్యాకెట్లలో అమ్మేవాటికే. ఇంట్లో చేసి తెచ్చిన డబ్బా మీద ఎవరూ ఏదీ రాయరు. పకోడీ చేసిన నూనెలోనే బజ్జీ వేయించిన సంగతీ చెప్పరు. వంటల బల్ల చూసుకునే ఇద్దరు ముగ్గురు ఆ పూటకి ఒక స్కెచ్ పెన్నూ కొన్ని అట్టముక్కలూ దగ్గర పెట్టుకుని, డబ్బా మూత తీసేముందే తెచ్చినవాళ్లని అడిగి జీడిపప్పు, వేరుశెనగ, నువ్వులు, ఏది ఉంటే అది, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెట్టాలి. పకోడీకి వేరే మూకుడు పెట్టుకోవాలి.