వార్తల్లో పదం: పీఎస్‌ఏ

ఇబ్రహీంపట్నంలో హైదరాబాద్ బస్సెక్కే పెద్దాయన పొద్దున టీ ముట్టడు. ఉపవాసం కాదు. సాగర్ రోడ్డు మధ్యలో ఒంటేలుకొస్తే బస్సు ఆపరని భయం. మూత్రసంచి కింద అక్రోటు కాయంత ఉండే ప్రోస్టేట్ గ్రంథి వయసుతో పెరిగి మూత్రనాళాన్ని నొక్కుతుంది. చాలామందిలో జరిగేది ఇదే, క్యాన్సర్ కాదు.

2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందని తేలాక పీఎస్‌ఏ పరీక్ష వార్తలకెక్కింది. పీఎస్‌ఏ ఆ గ్రంథి తయారుచేసే ప్రొటీన్. వీర్యాన్ని పలుచబరచడం దాని పని. కొంత రక్తంలోకీ చేరుతుంది. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే సాధారణంగా డాక్టర్లు ఆరా తీస్తారు. గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ సోకినా అంకె ఎగబాకుతుంది. ఫినాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడితే ఇంచుమించు సగానికి పడిపోతుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోతే మంచి రిపోర్టే మోసం చేస్తుంది.

టమాటాలు తింటే క్యాన్సర్ రాదన్న వాట్సాప్ మాటకు గట్టి రుజువు లేదు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు వైపు రోజూ నడక మేలే. సాయంత్రం టీ, మద్యం తగ్గిస్తే రాత్రి మూత్రానికి లేవడం తగ్గొచ్చు. అన్నట్టు, అడగకుండా కొని వేసుకునే కొన్ని జలుబు మాత్రలు గ్రంథి పెరిగినవారికి మూత్రం పూర్తిగా బిగించేయొచ్చు.