కటుకరోహిణి: మంచుకొండల చేదువేరు



పచారీ కొట్టుకు వెళ్ళి కటుకరోహిణి కావాలంటే, కొట్టువారు ఒక డబ్బా మూత తీసి నాలుగు ఎండు పుల్లలు పొట్లం కట్టి ఇస్తారు. చిటికెన వేలంత లావు, బూడిద కలిసిన గోధుమ రంగు. విరిస్తే లోపల నలుపు. నాలుక మీద పెట్టుకుంటే ఆ చేదు ఒక పట్టాన పోదు. జ్వరానికి, కామెర్లకు ఆయుర్వేద వైద్యులు దీన్ని పూర్వంనుంచి వాడుతున్నారు. ఆరోగ్యవర్ధని మాత్రలో సగం పాలు ఇదే.

ఆమధ్య ఒక రైతు నా దగ్గరకు వచ్చి, “ఏమండీ, కటుకరోహిణికి మంచి ధర ఉందట. నారు మేమే ఇస్తామంటున్నారు. ఒక అరెకరం వేయమంటారా?” అని అడిగారు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో మీ అందరికీ చెప్పడం మంచిది. దానికి ముందు ఆ మొక్క పుట్టిల్లు ఎక్కడో తెలుసుకోవాలి.

కటుకరోహిణిని హిందీవారు కుట్కీ అంటారు. శాస్త్రజ్ఞులు పిక్రోరైజా కుర్రోవా అని పిలుస్తారు. పిక్రోరైజా అంటే గ్రీకు భాషలో చేదువేరు అనే అర్థం. ఇది కాశ్మీరం మొదలు సిక్కిం వరకు హిమాలయాలలో, సుమారు 3,000 మీటర్లకు పైన, అంటే పదివేల అడుగుల ఎత్తుకు పైన పెరుగుతుంది. ఆ ప్రాంతంలో కొండ ఎక్కుతూ పోతే దేవదారు అడవి దాటుతుంది, భూర్జపత్రం చెట్లు దాటుతాయి, ఆపైన ఇక చెట్టన్నది ఉండదు. పచ్చిక బయళ్ళు, రాళ్ళ గుట్టలు, కరుగుతున్న మంచునుంచి జారే సన్నని నీటి పాయలు మాత్రమే ఉంటాయి. ఆ బయళ్ళను గఢ్వాలు ప్రాంతంలో బుగ్యాల్ అంటారు. అక్కడ తేమగల రాతి సందుల్లో, నల్లని ఆకుమట్టిలో ఈ మొక్క నేలను కరుచుకొని ఉంటుంది.

మొక్క జానెడు ఎత్తు. ఆకులు గరిటె ఆకారంలో, అంచున రంపపు పళ్ళతో, మొదట్లోనే గుత్తిగా ఉంటాయి. జ్యేష్ఠ, ఆషాఢ మాసాలలో మధ్యనుంచి ఒక కాడ లేచి, లేత ఊదారంగు పూలు కంకిలాగా పూస్తుంది. కేసరాలు పూరేకులను దాటి బయటికి పొడుచుకు వస్తాయి. ఆశ్వయుజం నాటికి గింజ ముదురుతుంది. గింజ చాలా సన్నం.

మార్గశిరంనుంచి ఇంచుమించు చైత్రందాకా ఆ నేల మంచుకింద ఉంటుంది. మరి మొక్క చచ్చిపోదా అంటే, చావదు. పై ఆకులు ఎండిపోతాయి గాని, నేలలో పాకే దుంపవేరు, దాని కొనలో మొగ్గ బ్రతికి ఉంటాయి. నారుమడి మీద మనం గడ్డి కప్పుతాం చూడండి, అక్కడ మంచే ఆ పని చేస్తుంది. పైన ఎంత కటిక చలి ఉన్నా, మందపు మంచుకింద నేల అంతగా గడ్డకట్టదు. మంచు కరగగానే, దుంపలో దాచుకున్న ఆహారంతో మొక్క గబగబ చిగిర్చి, నాలుగైదు నెలల్లో పూత, గింజ ముగించుకొని మళ్ళీ నిద్రపోతుంది. మనకు కావలసిన మందు ముఖ్యంగా ఆ దుంపవేరులోనే ఉన్నది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. సముద్రమట్టంనుంచి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే 3,500 మీటర్ల ఎత్తున, మన కోస్తాకంటే ఇంచుమించు 23 డిగ్రీలు తక్కువ. మన తూర్పు కనుమల్లో ఎంత ఎత్తయిన కొండ అయినా 1,700 మీటర్లు దాటదు. “లంబసింగిలో గడ్డిమీద మంచు పడుతుంది కదా?” అంటారేమో. అది కొన్ని రాత్రుల ముచ్చట. నెలల తరబడి ఉండే మంచు దుప్పటి వేరు. ఆపైన మన వేసవిని ఆ మొక్క తట్టుకోలేదు. కాబట్టి పల్లపు భూములకు కటుకరోహిణి నారు అమ్మజూపేవారు వస్తే, డబ్బు కట్టకండి.

ఇక రెండవ సంగతి. పసుపు తవ్వినప్పుడు విత్తనానికి కొంత దాచుకోని రైతు ఎవరైనా ఉన్నారా? కటుకరోహిణి విషయంలో మనుషులు ఆ పని మరిచారు. వేరే సరుకు కాబట్టి, వేరు తవ్వితే మొక్కే పోతుంది. గింజ రాలకముందే తవ్వితే దాని సంతానమూ పోతుంది. కొండవాసులకు అది కూలి డబ్బు, కొనేవారికి తరగని గిరాకీ. అలా బయళ్ళకు బయళ్ళే ఖాళీ అవుతూ వచ్చాయి. అందుకే 1997లో ఈ మొక్కను సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండవ అనుబంధంలో చేర్చి, విదేశీ వ్యాపారానికి అదుపు పెట్టారు.

అయితే దీనికి విరుగుడును రైతులే చూపించారు. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఘేస్ వంటి ఎత్తయిన ఊళ్ళలో దీన్ని పొలాల్లోనే పండిస్తున్నారు. మొగ్గ ఉన్న వేరుముక్కలు నాటి, పశువుల ఎరువు వేసి, సుమారు మూడేళ్ళకు తవ్వుతారు. తవ్విన మొక్కలో మొగ్గ ఉన్న పైభాగాన్ని కొంచెం వేరుతో కోసి తిరిగి నాటుతారు. అంటే మన పసుపు రైతు పద్ధతే! అడవి మొక్క అడవిలో ఉంటుంది, రైతు చేతికి డబ్బూ వస్తుంది.

మనం చేయవలసినది ఏమిటి? చేదు మందుమొక్క వేయాలని ఉంటే మన నేలకు నేలవేము ఉన్నది. ఇది కటుకరోహిణికి బదులు కాదు, దాని గుణం దానిదే. కాని మన వానాకాలానికి అలవాటు పడిన మొక్క. పూతకు వచ్చినప్పుడు పై మొక్కను కోస్తే చాలు, వేరు తవ్వే పని లేదు. అయినా కొనేవారెవరో, ఎంతకు కొంటారో ముందు తేల్చుకొని, తర్వాతే విత్తనం చల్లండి. అనుమానం వస్తే రాష్ట్ర ఔషధ మొక్కల బోర్డువారిని అడగండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. కొత్త మొక్క పేరు వినగానే “ఎకరానికి ఎంత వస్తుంది?” అని రైతు అడుగుతారు. “అది ఎక్కడ పుట్టింది? అక్కడ చలి ఎంత, ఎండ ఎంత?” అని మనం ముందుగా అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే రైతు డబ్బూ దక్కుతుంది, ఎక్కడో మంచుకొండమీది మొక్కా దక్కుతుంది.