హీటర్ కడ్డీకి సున్నం పడుతోందా?

బొబ్బిలి చుట్టుపట్ల బోరు నీళ్లు వాడే రైతులు బకెట్లో పెట్టే హీటర్ కడ్డీని ఒకసారి తీసి చూడండి. తెల్లటి పెచ్చు కట్టి ఉంటే అది కఠినజలమే. వానలప్పుడు వేగావతిలో వచ్చే నీరు నేల పైపైన పారేది. బోరు నీరు రాళ్ల పగుళ్లలో నిలిచి కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. అందుకే సబ్బు నురగ రాదు, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. కాచినప్పుడు ఆ కాల్షియంలో కొంత సున్నపు పొరగా మారి వేడి తగిలే చోటే అంటుకుంటుంది.

పెచ్చు కడితే కరెంటు ఎక్కువ కాలుతుందని చాలామంది అంటారు. బకెట్ కడ్డీ విషయంలో అది అంత నిజం కాదు. కడ్డీ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి వేడంతా చివరకు నీళ్లకే చేరుతుంది. 1500 వాట్ల కడ్డీతో 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు కాచాలంటే సుమారు 19 నిమిషాలు, అర యూనిట్ లోపు కరెంటు చాలు. పెచ్చు ఉన్నా ఈ లెక్క పెద్దగా మారదు. నష్టం కడ్డీకే. వేడి త్వరగా బయటికి పోలేక లోపలి తీగ మాడిపోతుంది. పై గొట్టం చిట్లితే నీళ్లలోకి కరెంటు దిగుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టండి. కట్టెలతో కాచే రాగి బాయిలర్ సంగతి వేరు. దానికి పెచ్చు కడితే వేడి పొగతో పోతుంది, కట్టెలు నిజంగానే ఎక్కువ అవుతాయి.

చల్లారిన కడ్డీని వెనిగర్‌లోగాని నిమ్మరసం కలిపిన నీళ్లలోగాని కొన్ని గంటలు ఉంచండి. వైరు, పైనున్న పిడి మాత్రం తడవకూడదు. బుడగలు వచ్చి పెచ్చు మెత్తబడుతుంది, బ్రష్‌తో రుద్ది కడగండి. కత్తితో గీకొద్దు. బాత్రూం యాసిడ్ అసలే వద్దు, గొట్టాన్ని తినేస్తుంది. గీజరున్న వాళ్లు వేడిని 50 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే సున్నం తక్కువ పడుతుంది.

పటిక, ఇండుప గింజ బురదను దించుతాయేగాని కఠినత్వాన్ని తగ్గించవు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీరు లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చు. నీటిని మెత్తబరిచే యంత్రం కొనే ముందు పరీక్ష చేయించండి. ఆ యంత్రం కాల్షియంను పట్టుకుని బదులుగా సోడియంను వదులుతుంది. దాన్ని కడగడానికి మామూలు ఉప్పే వాడతారు. ఆ ఉప్పునీరు వంగ మడిలోకో అరటి మొదట్లోకో పోతే నేల గట్టిపడి చవుడు బారుతుంది. కాల్షియం ఉన్న బోరు నీరే మొక్కకు నయం. అందుకని పెరటికి వెళ్లే గొట్టాన్ని యంత్రానికి ముందే విడదీయించండి.