మూర్ఛ గోలీ మధ్యలో బంద్ పెట్టొద్దు

"ఫిట్స్ తక్కువైనయి గదా సార్, ఇంక గోలీ ఎందుకని బంద్ పెట్టినం." కుక్కను ఆటోలో వేసుకుని పశువుల దవాఖానకు ఉరికొచ్చినవాళ్లు డాక్టరుతో తరచూ అనే మాట ఇది. వాళ్లకు కుక్క మీద ప్రేమ లేక కాదు. జ్వరం దిగితే మాత్ర ఆపుతాం, పుండు మానితే మలాం ఆపుతాం, ఇదీ అంతే అనుకుంటారు. మూర్ఛ మందుకు ఆ లెక్క పనికిరాదు. జనగామలోనైనా, మహబూబాబాద్ తండాల్లోనైనా, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోనైనా పెంచుకునే కుక్కకో పిల్లికో డాక్టరు 'గార్డినాల్' రాసిచ్చాడంటే, ఆ ఇంట్లో అందరికీ ఈ మందు నడక తెలిసి ఉండాలి.

గార్డినాల్ అసలు పేరు ఫినోబార్బిటోన్. 1912లో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ 'లూమినాల్' పేరుతో దీన్ని నిద్రమందుగా అమ్మకానికి తెచ్చింది. నిద్ర పట్టడానికని మూర్ఛరోగులకు ఇస్తే వాళ్లకు ఫిట్స్ కూడా తగ్గుతున్నాయని ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే డాక్టరు అదే ఏడాది గమనించాడు. నూరేళ్లు దాటాక కూడా కుక్కల మూర్ఛకు డాక్టర్లు ముందుగా ఎంచుకునే మందుల్లో ఇది ఒకటి. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో కొన్ని కుక్కలకు ఇదీ, మరికొన్నిటికి పొటాషియం బ్రోమైడూ ఇచ్చి ఆరు నెలలు చూశారు. ఫినోబార్బిటోన్ వాడినవాటిలో 85 శాతానికి ఫిట్స్ పూర్తిగా ఆగాయి. బ్రోమైడ్ వాడినవాటిలో 52 శాతానికే ఆగాయి. మంచి మందే, చవకైన మందే. మనుషుల మెడికల్ షాపులో దొరికే గోలీయే కుక్కకూ పనికొస్తుంది.

అయితే గోలీ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వచ్చింది మూర్ఛరోగమేనా? మన పల్లెల్లో కుక్క కొట్టుకుంటుంటే కారణాలు చాలా ఉంటాయి. పత్తికీ మిరపకూ కొట్టే పురుగుమందు డబ్బా నాకినా, ఆ మందు తాగి చచ్చిన ఎలుకను తిన్నా ఫిట్స్ వస్తాయి. అట్లాంటప్పుడు చొంగ కారుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది, విరేచనం అవుతుంది. దానికి అట్రోపిన్ సూది కావాలి, గార్డినాల్ ఒక్కటే ఇస్తూ కూర్చుంటే ప్రాణం పోతుంది. టీకాలు వేయించని కుక్కపిల్లకు డిస్టెంపర్ సోకితే ముక్కూ కళ్లూ కారి, ఆ తర్వాత దవడ టకటకా కొట్టుకుంటూ ఫిట్స్ మొదలవుతాయి. మే నెల ఎండకు రేకుల షెడ్డు కింద కట్టేసిన కుక్కకు వడదెబ్బతోనూ రావచ్చు.

పిల్లుల విషయంలో ఒక సంగతి గట్టిగా చెప్పాలి. గేదెల పిడుదులకు వాడే బ్యూటాక్స్ లాంటి మందును చాలా ఇళ్లలో కుక్క మీదా పోస్తారు, పిల్లి మీదా పోస్తారు. అందులో ఉండే డెల్టామెత్రిన్ జాతి మందులను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. కొద్ది గంటల్లోనే వణుకు, ఆపైన ఫిట్స్. అది రోగం కాదు, మనం పోసిన విషం. గోరువెచ్చని నీళ్లూ గిన్నెలు తోమే సబ్బూ పెట్టి ఒళ్లు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

ఇక రేబిస్. టీకా లేని కుక్క తీరు ఉన్నట్టుండి మారిపోయి, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే ముందు దాన్నే అనుమానించాలి. దగ్గరికి పోవద్దు, నోట్లో చేయి పెట్టొద్దు, కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి మనుషుల దవాఖానకు పోవాలి. అట్లాగని ఫిట్ వచ్చిన ప్రతి కుక్కా పిచ్చికుక్క కాదు. ఫిట్ ఆగిన తర్వాత కొన్ని నిమిషాలో కొన్ని గంటలో కుక్కకు చూపు ఆనదు, గోడలకు గుద్దుకుంటుంది, యజమానినే గుర్తుపట్టదు, ఆకలిగా అటూ ఇటూ తిరుగుతుంది. ఆ తిరుగుడు చూసి పిచ్చి లేచిందని కర్రలు పట్టుకునేవాళ్లు ఉన్నారు. టీకా కార్డు ఇంట్లో ఉంటే ఆ కుక్క ప్రాణం నిలుస్తుంది.

పైవన్నీ కాదని తేలి, వయసు ఆరు నెలలకూ ఆరేళ్లకూ మధ్య మొదలైన ఫిట్స్ అయితే వేరే కారణం కనిపించని మూర్ఛరోగం అని డాక్టర్లు అనుకుంటారు. ఒకే ఒక్క ఫిట్‌కు సాధారణంగా మందు మొదలుపెట్టరు. ఆరు నెలల్లో రెండుసార్లు వచ్చినా, ఒకే రోజులో రెండు మూడు వచ్చినా, అయిదు నిమిషాలు దాటినా మొదలుపెడతారు. అందుకే ఫిట్ వచ్చినప్పుడు చేయాల్సిన మొదటి పని గడియారం చూడడం, రెండోది ఫోన్లో వీడియో తీయడం. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపడం మనుషులకే పనిచేయవు, కుక్కకు అసలే వద్దు. మెట్లూ బావీ పొయ్యీ దగ్గర లేకుండా పక్కకు జరిపి, లైటు ఆర్పి, ఊరుకోవాలి. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మోతాదు ఎట్లా కడతారో చూద్దాం. కుక్కకు మామూలుగా కిలో బరువుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లతో మొదలుపెడతారు. పన్నెండు కిలోల ఊరకుక్కకు కిలోకు రెండున్నర చొప్పున లెక్కేస్తే 30 మిల్లీగ్రాములు. అంటే గార్డినాల్ 30 గోలీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నాలుగు కిలోల పిల్లికి అదే గోలీలో పావు ముక్క సరిపోవచ్చు. షాపులో 30కి బదులు 60 చేతికొస్తే మోతాదు రెండింతలవుతుంది. అట్ట మీది అంకె ప్రతిసారీ చదవండి. తూకం తెలియకుండా డోసు వేయలేరు కాబట్టి, కుక్కను ఎత్తుకుని బరువు మిషను మీద నిలబడి, తర్వాత మీ బరువు తీసేయండి. ఈ అంకెలు డాక్టరు ఎట్లా ఆలోచిస్తాడో తెలియడానికే. కాలేయం చెడిన జంతువుకు ఈ మందే ఇవ్వకూడదు, ఆ సంగతి రక్తపరీక్ష చేయందే బయటపడదు.

పెరుగన్నంలోనో ఉడికిన గుడ్డులోనో గోలీ దాచిపెడితే కుక్క మింగేస్తుంది. కానీ కొన్ని తెలివిగా అన్నం తిని గోలీని మూలకు ఉమ్మేస్తాయి, గిన్నె చుట్టూ చూసుకోవాలి. పిల్లి గొంతులో పొడి గోలీ ఇరుక్కుని పుండు చేస్తుంది, వెనకాలే కొంచెం నీళ్లో వెన్నో నాకించాలి. గోలీకి బదులు మనుషుల సిరప్ వాడాలంటే సీసా మీద జైలిటాల్ అనే తీపి ఉందేమో చూడాలి, అది కుక్కలకు విషం.

మొదటి రెండు వారాలు కుక్క మత్తుగా ఉంటుంది, వెనక కాళ్లు తూలతాయి. ఇక్కడే చాలామంది భయపడి ఆపేస్తారు. మందు రక్తంలో నిలకడకు రావడానికి సుమారు పదిహేను రోజులు పడుతుంది, ఆ తర్వాత చాలావరకు మత్తు వదిలిపోతుంది. తగ్గకుండా మిగిలేవి ఆకలి, దాహం, మూత్రం. ఇల్లంతా తడుపుతోందని నీళ్ల గిన్నె తీసేయకండి, ఎండాకాలంలో అది ప్రాణం తీస్తుంది. ఆకలని ఎప్పుడూ పెట్టినా ముప్పే. పెళ్లిలో మిగిలిన మటన్ కొవ్వు పెడితే ఈ మందు వాడే కుక్కకు క్లోమం వాచే ప్రమాదం ఎక్కువ. కళ్లు పచ్చబడినా, అన్నం మానేసినా, చిగుళ్లు పాలిపోయినా అది మత్తు కాదు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

పిల్లి ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. ఇంట్లో ముసలాయన వాడే డైజిపామ్ గోలీ ఉంటుంది, ఫిట్స్‌కు అదీ పనిచేస్తుందని ఎవరో చెబుతారు. నోటి ద్వారా రోజూ డైజిపామ్ ఇచ్చిన పిల్లుల్లో కొన్నింటికి కొద్ది రోజుల్లోనే కాలేయం కుప్పకూలింది. 1996లో అమెరికా పశువైద్య పత్రిక అట్లాంటి 11 పిల్లుల సంగతి ప్రచురించింది, వాటిలో ఎక్కువభాగం చనిపోయాయి. కుక్కకైతే ఆ గోలీ విషం కాకపోయినా గంటల్లో ఒంట్లోంచి పోతుంది, రోజువారీ మందుగా దండగ. డైజిపామ్ సత్తా అంతా ఫిట్ నడుస్తున్నప్పుడే, అదీ నరానికి సూదిగానో ఆసనంలోకో ఇచ్చినప్పుడే. ఇప్పుడు దానికంటే మిడాజోలం మందును ముక్కులో పిచికారీగా కొట్టడం మేలని తేలింది. 2017 నాటి అధ్యయనంలో మిడాజోలం 70 శాతం కుక్కల్లో ఫిట్‌ను ఆపితే, ఆసనంలో డైజిపామ్ 20 శాతం కుక్కల్లోనే ఆపింది. మామునూరు పశువైద్య కళాశాలకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి గంటకు పైగా ప్రయాణం. అయిదు నిమిషాలు దాటిన ఫిట్‌కు అంతసేపు ఆగలేం. పదేపదే ఫిట్స్ వచ్చే కుక్క ఉన్నవాళ్లు ఈ అత్యవసర మందు ఇంట్లో ఉంచుకోవాలా, ఎంత కొట్టాలి అని డాక్టరును ముందే అడిగి, కొట్టే తీరు నేర్చుకోవాలి.

మధ్యలో ఆపితే ఏమవుతుందో తెలంగాణ కళ్లారా చూసింది. కల్తీ కల్లులో కలిపేది ఇదే తరహా మందులు: అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్. 2015లో కల్తీ కల్లు మీద అధికారులు గట్టిగా దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రోజూ తాగేవాళ్లు వణుకుతో, పిచ్చి మాటలతో, ఫిట్స్‌తో దవాఖానల పాలయ్యారు. మెదడులో ఉద్రేకాన్ని అణచే గాబా అనే రసాయనం ఉంటుంది. ఈ మందులన్నీ దాని బలం పెంచుతాయి. నెలల తరబడి బయటి సాయానికి అలవాటైన మెదడుకు ఆ సాయం ఒక్కరోజులో పోతే అదుపు తప్పుతుంది. అంతకుముందు నెలకొకసారి రెండు నిమిషాలు వచ్చే ఫిట్ ఇప్పుడు ఆగకుండా వస్తుంది.

అందుకే గోలీలు అయిపోయేదాకా ఆగొద్దు. గార్డినాల్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. డైజిపామ్, మిడాజోలంకు 2014 మార్చి నుంచి నియమాలు ఇంకా గట్టి, షాపువాడు డాక్టరు పేరూ రోగి పేరూ రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. పండక్కి షాపు మూసినా, చీటీ పాతదైపోయినా ఇబ్బంది పడకుండా రెండు వారాల గోలీలు ఎప్పుడూ చేతిలో ఉండాలి, పిల్లలకు అందకుండా పైన పెట్టాలి. ఒక పూట మరిస్తే గుర్తొచ్చినప్పుడు వేయండి, తర్వాతిది మామూలు వేళకే వేయండి, రెండూ కలిపి వేయొద్దు. వేరే జబ్బుకు వేరే డాక్టరు దగ్గరికి పోయినా గార్డినాల్ సంగతి చెప్పాలి. పిడుదు జ్వరానికి ఇచ్చే డాక్సీసైక్లిన్‌ను ఇది త్వరగా ఒంట్లోంచి పంపేస్తుంది, క్లోరాంఫెనికాల్, కీటోకొనజోల్ అయితే దీన్నే ఒంట్లో పేరుకునేలా చేస్తాయి.

మొదలుపెట్టిన రెండు మూడు వారాలకూ, ఆ తర్వాత ఆరు నెలలకోసారీ రక్తంలో మందు ఎంతుందో చూడాలి. ఇది మనుషుల ల్యాబులో చేసే పరీక్షే. జెల్ ఉన్న గొట్టంలో రక్తం తీస్తే అంకె తక్కువ చూపిస్తుంది, మామూలు గొట్టం అడగండి. మిల్లీలీటరుకు 15 నుంచి 40 మైక్రోగ్రాములు ఉండొచ్చంటారు కానీ 35 దాటితే కాలేయానికి ముప్పు. ఏడాది గడిచాక అదే గోలీకి అంకె తగ్గిపోవచ్చు. కాలేయం ఆ మందును వేగంగా విరగ్గొట్టడం నేర్చుకుంటుంది కాబట్టి మోతాదు పెంచాల్సి వస్తుంది.

ఎప్పటికీ ఆపలేమా అంటే, కొన్ని కుక్కలకు ఆపవచ్చు. ఒకటి రెండేళ్లు ఒక్క ఫిట్ కూడా రాకపోతే డాక్టరు నెలకు అయిదో వంతు మించకుండా తగ్గిస్తూ పోతాడు. ఆ నెలల్లో ఇంట్లోవాళ్లు రోజూ తేదీ, మోతాదు, ఏ ఒక్క వణుకు కనిపించినా దాని సమయం రాసిపెట్టాలి. ఫిట్ తిరిగి వస్తే పాత మోతాదుకు వెనక్కి పోతారు, ఎన్నాళ్లనేది మళ్లీ అప్పుడు తేలుతుంది.